ల్యాబ్ వైవాను మళ్లీ నిజంగా జరపండి: ఇంజనీరింగ్ కాలేజీలకు ఒక బహిరంగ లేఖ

గౌరవనీయులైన ప్రిన్సిపాళ్లకు, విభాగాధిపతులకు, ల్యాబ్‌లు చూసే లెక్చరర్లకు, ప్లేస్‌మెంట్ ఆఫీసర్లకు,

నమస్కారం.

నేను హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేస్తున్నాను. 11 ఏళ్లుగా ఫ్రెషర్ల ఇంటర్వ్యూల్లో ప్రశ్నలు అడిగే వైపు కూర్చుంటున్నాను. రెండు రాష్ట్రాల్లోనూ మీలాంటి కాలేజీల నుంచి వచ్చిన పిల్లల్ని వందల మందిని చూశాను. ల్యాబ్ వైవా, అంటే చేసిన ప్రయోగం మీద నోటితో జవాబు చెప్పే పరీక్ష, నిజంగా జరగాలని ఎందుకు అంటున్నానో తెలియాలంటే వాళ్లలో ఒకడి గురించి ముందు చెప్పాలి.

మొన్న ఒక ప్లేస్‌మెంట్ డ్రైవ్‌కి పాలమూరు వైపు నుంచి ఒక అబ్బాయి వచ్చాడు. ఈసీఈ, అంటే ఎలక్ట్రానిక్స్ బ్రాంచి. రెజ్యూమెలో ప్రాజెక్టు పేరు స్మార్ట్ ఇరిగేషన్. నేలలో తడి తగ్గితే సెన్సార్ కనిపెట్టి మోటారు ఆన్ చేస్తుంది. మంచి ప్రాజెక్టే. ‘సెన్సార్‌ని పొడి మట్టిలో గుచ్చితే ఆర్డుయినోలో అంకె ఎంత వచ్చింది? నీళ్లు పోశాక పెరిగిందా, తగ్గిందా?’ అని అడిగాను. ఆర్డుయినో అంటే సెన్సార్ సిగ్నల్‌ని అంకెగా చదివే చిన్న బోర్డు. ఒక్కసారి చేత్తో చేసి చూసినవాళ్లు ఎవరూ మరచిపోని సంగతి అది. బజారులో దొరికే మామూలు సెన్సార్లలో మట్టి ఎండిపోతే అంకె 1023 దగ్గరికి పోతుంది, తడిస్తే కిందికి దిగుతుంది. మొదటిసారి చూసినవాళ్లు ఇదేంటి, తిరగబడింది అనుకుంటారు. ఆ ఆశ్చర్యం మనసులో ఉండిపోతుంది.

అబ్బాయి పెరిగింది అన్నాడు. నా ముఖం చూసి తగ్గింది అన్నాడు. ఆ తర్వాత, ఆ భాగం మా టీమ్‌మేట్ చేశాడు సర్ అన్నాడు. కోడ్ గురించి అడిగితే అదీ టీమ్‌మేటే. చెమటలు పట్టాయి పాపం. ఆ ప్రాజెక్టు ఎక్కడి నుంచి వచ్చిందో నాకు అర్థమైంది. మీకూ తెలుసు. అమీర్‌పేట మైత్రీవనం చుట్టుపక్కల డబ్బు కడితే కిట్టు, కోడు, రిపోర్టు, పీపీటీ అన్నీ కలిపి చేతిలో పెడతారు.

మాట మార్చి, మీకు పొలం ఉందా అని అడిగాను. ఉంది సర్, 3 ఎకరాలు, బోరు అన్నాడు. మోటారు ఎట్లా నడుస్తుందో చెప్పమన్నాను. అంతే, ఇంకో మనిషి అయిపోయాడు. మూడు ఫేజుల్లో ఒకటి పోతే మోటారు తిరగలేక ఎట్లా మూలుగుతుందో, వైండింగ్ ఎందుకు కాలుతుందో, స్టార్టర్‌లో రిలే ఏం చేస్తుందో చెప్పాడు. 2018 జనవరి 1న తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలైనప్పుడు ఆటో స్టార్టర్లు తీసేయమని అధికారులు ఊరూరా ఎందుకు చెప్పారో వివరించాడు. పోయిన కరెంటు రాగానే ఊళ్లో మోటార్లన్నీ ఒకేసారి లేస్తాయి, ట్రాన్స్‌ఫార్మర్ మీద భారం పడుతుంది, మనిషి లేకుండానే నీళ్లు పారుతూ బోరు ఎండిపోతుంది. టేబుల్ మీద వేలితో గీస్తూ, సగం తెలుగు, సగం ఇంగ్లీష్‌లో చెప్పాడు. ఎక్కడా తడబడలేదు.

ఆ అబ్బాయికి మేం ఉద్యోగం ఇవ్వలేకపోయాం. 20 నిమిషాల ఇంటర్వ్యూలో 12 నిమిషాలు ఆ కొన్న ప్రాజెక్టును కాపాడుకోవడానికే పోయాయి. ప్రాజెక్టు అన్న గడిలో మా ప్యానెల్‌లో ఒకరు సున్నా వేశారు. తప్పని నేను అనలేకపోయాను. లేచి వెళ్తూ అతను, ‘సర్, ఆ మోటారు సంగతి రెజ్యూమెలో రాయొచ్చా?’ అని అడిగాడు. ఆ ప్రశ్న అతను ఎప్పుడో మీ దగ్గర అడిగి ఉండాల్సింది. అందుకే ఈ లేఖ మీకు రాస్తున్నాను.

ఇంటర్వ్యూకి పిల్లల్ని తయారు చేయడానికి మీరు ఏమీ చేయడం లేదని నేను అనను. చివరి ఏడాది సీఆర్‌టీ (క్యాంపస్ ఉద్యోగాలకు తయారు చేసే శిక్షణ) క్లాసులు పెడుతున్నారు. బయటి నుంచి ట్రైనర్లను పిలిపిస్తున్నారు. ఆప్టిట్యూడ్ లెక్కలు చేయిస్తున్నారు, అది పనికొస్తోంది. కానీ మాట్లాడటం దగ్గరికి వచ్చేసరికి జరుగుతున్నది పాఠం అప్పజెప్పడం. మీ కాలేజీ, పక్క జిల్లా కాలేజీ, ఇంకో రాష్ట్రం కాలేజీ, అన్నిచోట్లా ఒకే పాఠం. ‘మైసెల్ఫ్ ఫలానా. అయామ్ ఫ్రం ఫలానా. మై ఫాదర్ ఈజ్ ఎ ఫార్మర్, మై మదర్ ఈజ్ ఎ హౌస్‌వైఫ్. మై స్ట్రెంత్స్ ఆర్ హార్డ్ వర్కింగ్, క్విక్ లెర్నర్.’ బలహీనత ఏమిటంటే అందరినీ తొందరగా నమ్మేస్తాను అంటారు. ఒకే పూటలో ఎంతోమంది నోట ఇదే వింటాం. వింటున్నప్పుడు నాకు పిల్లల మీద కోపం రాదు, దిగులు వేస్తుంది. పేరు, ఊరు మా ముందున్న కాగితం మీద ఉన్నాయి. వాళ్లు ఏం చేశారో, ఏం చేస్తే వాళ్లకు రోజు గడిచిందే తెలియదో ఆ కాగితంలో లేదు, నోటితోనూ చెప్పరు. కూలికి వెళ్లే తండ్రిని ‘బిజినెస్’ అని చెప్పమని నేర్పిన చోట్లు కూడా ఉన్నాయి. దయచేసి ఆ పని మాత్రం చేయకండి. ఏ ప్యానెలూ ఆ మాటకు మార్కులు వేయదు. పిల్లవాడికి మాత్రం తన ఇంటిని తానే దాచుకున్నట్టు అనిపిస్తుంది.

నా సంగతి చెబుతాను. పదో తరగతి దాకా జిల్లా పరిషత్ హైస్కూల్, తెలుగు మీడియం. ఆ తర్వాత ఒక చిన్న పట్టణంలో ఇంజనీరింగ్. మొదటి రెండు ఇంటర్వ్యూల్లో నేనూ ఆ పాఠమే అప్పజెప్పాను. మొదటిదాంట్లో మూడో వాక్యం మరిచిపోయి మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాను.

నా దారి మారింది ఒక ల్యాబ్‌లో. మూడో ఏడాది మైక్రోప్రాసెసర్ ల్యాబ్ పరీక్ష. వేరే కాలేజీ నుంచి ఒక పెద్దాయన ఎక్స్‌టర్నల్‌గా, అంటే బయటి పరీక్షకుడిగా వచ్చారు. నాకు స్టెప్పర్ మోటారు (అడుగు అడుగుగా తిరిగే మోటారు) ప్రోగ్రాం పడింది. హెక్స్ కీప్యాడ్ మీద నొక్కి ఎక్కించాను, మోటారు తిరిగింది. మామూలుగా అయితే అక్కడితో సంతకం, అయిపోతుంది. ఆయన కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చున్నారు. ‘ఇందులో డిలే తీసేస్తే ఏమవుద్ది బాబూ? ముందు నువ్వు చెప్పు, తర్వాత చూద్దాం’ అన్నారు. డిలే అంటే ఒక అడుగుకీ ఇంకో అడుగుకీ మధ్య ఇచ్చే సమయం. స్పీడుగా తిరుగుతుంది సర్ అన్నాను. తీసేసి రన్ చేయమన్నారు. మోటారు తిరగలేదు. ఉన్నచోటే వణుకుతూ గుయ్యిమంది. ఎందుకు అన్నారు. తెలియదన్నాను. తిట్టలేదు. ‘కాయిల్‌కి కరెంటు మారిన వెంటనే ఇనుప ముక్క కదిలిపోద్దా? దానికి బరువుంది కదా’ అన్నారు. అప్పుడు వెలిగింది. రోటర్ ఒక అడుగు వేసేలోపే మనం ఇంకో అడుగు వేయమంటున్నాం, దానికి అందడం లేదు. తెలుగులోనే చెప్పాను. డిలే కొంచెం కొంచెంగా పెంచి, ఎక్కడ తిరగడం మొదలవుతుందో చూడమన్నారు. పావుగంట పట్టింది.

మూడో ఇంటర్వ్యూలో, కాలేజీలో నీకు బాగా అర్థమైన విషయం ఒకటి చెప్పు అన్నారు. ఆ మోటారు చెప్పాను. ఇంగ్లీష్ తప్పులు లెక్కలేనన్ని. కాగితం అడిగి బొమ్మ వేశాను. వాళ్లు అడిగిన నాలుగు ఎదురు ప్రశ్నల్లో రెండు ఆ పెద్దాయన అడిగినవే. ఉద్యోగం వచ్చింది. ఆయన పేరు కూడా నాకు తెలియదు. నాకు దొరికిన ఇంటర్వ్యూ ట్రైనింగ్ అంతా ఆ పావుగంటే.

ఇప్పుడు నేను చెప్పదలచుకున్న అసలు మాట. ఇంటర్వ్యూ ప్రాక్టీసుకు మీరు కొత్తగా ఏదీ కొనక్కర్లేదు. అది సిలబస్‌లోనే ఉంది. హైదరాబాద్, కాకినాడ, అనంతపురం, ఏ జేఎన్‌టీయూ పరిధిలో కాలేజీ అయినా సెమిస్టర్‌కి కొన్ని ల్యాబ్‌లు ఉన్నాయి, ప్రతి ల్యాబ్‌కూ వైవా ఉంది, మినీ ప్రాజెక్టు ఉంది, ప్రాజెక్టు రివ్యూలు ఉన్నాయి. ఎదుటి మనిషి అడుగుతాడు, నువ్వు చేసిన పని గురించి నీ నోటితో చెప్పాలి. ఇంటర్వ్యూ అంటే అదే. దాన్ని మనం కాగితం మీద మార్కుగా మార్చేశాం. రికార్డు సీనియర్ దగ్గర తెచ్చుకుని కాపీ కొడతారు. అబ్జర్వేషన్ బుక్ మీద సంతకం పడుతుంది. ఎక్స్‌టర్నల్ వస్తారు, 30 మందికి గంటలో వైవా అయిపోతుంది, ‘ఏం ప్రోగ్రాం? రిజల్ట్ వచ్చిందా? సరే వెళ్లు’. అందరికీ మంచి మార్కులే. మూడేళ్లు ఇలా నడిపించి, నాలుగో ఏట ట్రైనర్‌ను పిలిచి 20 రోజుల్లో మాట్లాడటం నేర్పమంటే ఆయన మాత్రం ఏం చేస్తారు? అందుకే బట్టీ పట్టిస్తారు.

మీ ఇబ్బందులు తెలియక అంటున్న మాటలు కావివి. నా క్లాస్‌మేట్లు ఇద్దరు ఇలాంటి కాలేజీల్లోనే పాఠాలు చెబుతున్నారు. నాక్, ఎన్‌బీఏ గుర్తింపుల ఫైళ్లు, అడ్మిషన్ల పని, నెలనెలా పడని జీతం, అన్నీ వింటూ ఉంటాను. అందుకే లెక్క కట్టి చూశాను. ల్యాబ్ బ్యాచ్‌లో 30 మంది అనుకుందాం. వారానికి 6 మందిని, మనిషికి 5 నిమిషాలు అడగండి. మూడు గంటల ల్యాబ్‌లో అరగంట. 5 వారాల్లో బ్యాచ్ మొత్తం అయిపోతుంది. 15 వారాల సెమిస్టర్‌లో ప్రతి పిల్లవాడికీ 3 సార్లు. సెమిస్టర్‌కి 3 ల్యాబ్‌లుంటే 9 సార్లు. రెండో ఏడాది, మూడో ఏడాది కలిపి 4 సెమిస్టర్లు, అంటే 36 సార్లు. 36 సార్లు నిలబడి, తెలియని ప్రశ్నకు నోరు విప్పిన పిల్లవాడు చివరి ఏడాది మా ముందుకు వచ్చినప్పుడు గ్లాసు నీళ్లు తాగి స్థిమితంగా కూర్చుంటాడు. టెన్షన్ ఉండదని కాదు. ఉంటుంది, కానీ అది అతనికి అలవాటైన టెన్షన్.

ఏం అడగాలని లెక్చరర్లు అంటే, ఆ పెద్దాయన అడిగిన ప్రశ్న ఒక్కటి చాలు: ఇది తీసేస్తే ఏమవుతుంది? సీ ల్యాబ్‌లో లూప్‌లో లెక్కను ఒకటి పెంచే ఐ++ తీసేస్తే? డేటాబేస్ ల్యాబ్‌లో ప్రతి వరసనూ విడిగా గుర్తించే ప్రైమరీ కీ తీసేస్తే ఏ తప్పు డేటా లోపలికి వస్తుంది? సివిల్ వాళ్ల కాంక్రీట్ ల్యాబ్‌లో ఒక గ్లాసు నీళ్లు ఎక్కువ పోస్తే స్లంప్ (తడి కాంక్రీట్ కుంగే ఎత్తు) ఎంత పడుతుంది, 28 రోజుల తర్వాత క్యూబ్ బలం ఏమవుతుంది? ముందు చెప్పించండి, తర్వాత చేయించండి. చెప్పింది తప్పయితే ఇంకా మంచిది. ‘నేను ఇలా అనుకున్నాను, అలా జరగలేదు, ఎందుకంటే’ అని మొదలయ్యే జవాబు ఇంటర్వ్యూలో నేను వినే వాటిలో అన్నిటికంటే విలువైనది. పిల్లలు దాన్ని తప్పు ఒప్పుకోవడం అనుకుని దాచేస్తారు.

మొదటి నెల తెలుగులో చెప్పనివ్వండి. ఈ మాటకు కొందరికి కోపం రావచ్చు. ఇంగ్లీష్ రాకపోతే ఉద్యోగం రాదు కదా అంటారు. నిజమే, బయటి దేశాల క్లయింట్లతో మాట్లాడాల్సిన పనిలో ఇంగ్లీష్ కావాలి, దాన్ని నేను తక్కువ చేయను. కానీ తెలుగులో చెప్పలేనిది ఇంగ్లీష్‌లో ఎలా చెబుతాడు? ముందు విషయం నోట్లోకి రావాలి. ఒక వారం తెలుగులో చెప్పిందే తర్వాతి వారం ఇంగ్లీష్‌లో చెప్పమనండి. మనవాళ్లకు మాటల కంటే ఆలోచన ముందు ఆగిపోవడం ఎక్కువసార్లు చూశాను. యూపీఎస్సీ సివిల్స్ ఇంటర్వ్యూ 275 మార్కులకు ఉంటుంది, దాన్ని తెలుగులో ఇచ్చే వీలుంది. శ్రీకాకుళం జిల్లా నుంచి రోణంకి గోపాలకృష్ణ 2016 సివిల్స్‌లో తెలుగులోనే ఇంటర్వ్యూ ఇచ్చి దేశంలో 3వ ర్యాంకు తెచ్చుకున్నారు. తెలుగులో ఆలోచించే బుర్ర తక్కువదేమీ కాదని చెప్పడానికి మీ పిల్లలకు ఆ ఒక్క ఉదాహరణ చాలు.

ప్లేస్‌మెంట్ ఆఫీసర్లకు విడిగా కొన్ని మాటలు.

రెజ్యూమె మీద ఉన్న ప్రతి మాటా ఒక ప్రశ్నకు పిలుపు. సీ, సీ++, జావా, పైథాన్, మెషీన్ లెర్నింగ్ అని వరసగా రాసిన పిల్లవాణ్ని నేను చివరిదాని నుంచి అడగడం మొదలుపెడతాను. రెండు మాటలే రాయించండి, ఆ రెండింటి మీద అరగంట మాట్లాడగలిగేలా చూడండి. పుస్తకం చూడకుండా, కాగితం మీద పాలిండ్రోమ్ (వెనక నుంచి చదివినా ఒకేలా ఉండే మాట) ప్రోగ్రాం తప్పు లేకుండా రాయగలిగితే జావా వచ్చు అని రాయనివ్వండి. అంత చిన్న ప్రోగ్రాం దగ్గరే సగం మంది ఆగిపోతున్నారు. బ్యాక్‌లాగ్ (తప్పిన సబ్జెక్టు) ఉన్నా, మధ్యలో ఒక ఏడాది గ్యాప్ ఉన్నా ఉన్నది ఉన్నట్టు రెండు వాక్యాల్లో చెప్పించండి. నాన్నకు ఒంట్లో బాగోలేక పొలం చూసుకున్నానని ఒక అమ్మాయి సూటిగా చెబితే మా ప్యానెల్‌లో అందరం తలలు ఊపాం. దాని మీద ఇంకో ప్రశ్న రాలేదు.

తెలియదు అని చెప్పడం నేర్పండి. కానీ అక్కడితో ఆగకుండా, ‘నాకు తెలియదు, నేనైతే ఇక్కడి నుంచి మొదలుపెడతాను’ అనే దాకా నేర్పండి. మేం కొన్ని ప్రశ్నలు జవాబు వాళ్లకు తెలియదని తెలిసే అడుగుతాం. పిల్లవాడు ఎలా ఆలోచిస్తాడో చూడాలని అడుగుతాం. నిశ్శబ్దంగా నేల చూస్తూ కూర్చుంటే మాకు చూడటానికి ఏమీ దొరకదు.

చివర్లో ‘మీరేమైనా అడుగుతారా?’ అంటే నో సర్, థాంక్యూ సర్ అంటూ లేచిపోతున్నారు. మొదటి ఆరు నెలలు నాకు ఏం పని ఇస్తారు, ఎవరి దగ్గర నేర్చుకుంటాను అని అడగమనండి. వాళ్ల జీవితంలో ఆరు నెలలు కదా, అడిగే హక్కు ఉంది. టై, బ్లేజర్ కోసం పిల్లల చేత ఖర్చు పెట్టించకండి. ఉతికిన చొక్కా చాలు.

2020 తర్వాత ఇంటర్వ్యూలు ఫోన్లోకి, ల్యాప్‌టాప్‌లోకి వచ్చాక ఇంకో జబ్బు పట్టుకుంది. పక్కన ఎవరో కూర్చుని చెబుతారు, లేదా తెర మీద ఏఐ జవాబు రాసిస్తుంది, వీళ్లు చదువుతారు. కళ్లు ఎడమ నుంచి కుడికి కదలడం మాకు కనిపిస్తూనే ఉంటుంది. మా దగ్గర చివరి రౌండ్ మళ్లీ ఎదురెదురుగా కూర్చోబెట్టి చేస్తున్నాం. అక్కడికి వచ్చేసరికి ఆన్‌లైన్‌లో 90 మార్కుల జవాబు చెప్పిన నోరు పెగలడం లేదు. పట్టుబడితే పోయేది ఆ ఒక్క ఉద్యోగమే కాదు, మీ కాలేజీ పేరు చూడగానే తర్వాతి బ్యాచ్ మీద కూడా అనుమానం పడుతుంది. ఈ సంగతి పిల్లలకు మీరే చెప్పాలి, మేం చెబితే బెదిరింపు అవుతుంది.

అమ్మాయిల విషయంలో నాకు బాధగా ఉన్న మాట ఒకటి. చాలా కాలేజీల్లో బస్సు టైం అని, హాస్టల్ టైం అని వాళ్లు సాయంత్రం నాలుగున్నరకే ల్యాబ్ వదిలి వెళ్లాలి. అబ్బాయిలు ఆరు దాకా ఉండి కిట్లు విప్పి చూస్తారు. ప్రాజెక్టు టీమ్‌లో అమ్మాయికి రిపోర్టు టైప్ చేసే పని, పీపీటీ పని అప్పగిస్తారు. ఇంటర్వ్యూలో ప్రాజెక్టు ప్రశ్న వేసినప్పుడు ఆ తేడా బయటపడుతుంది, తెలివి తక్కువనుకుంటారు. వాళ్లకు ల్యాబ్‌లో ఒక పూట వేరుగా కేటాయించండి, లేదా ఇంకో బస్సు నడపండి. ఇంకోటి. పెళ్లెప్పుడు, పెళ్లయ్యాక మానేస్తావా అని అడిగే హెచ్‌ఆర్‌లు ఇప్పటికీ ఉన్నారు. అది అడగకూడని ప్రశ్న అని కంపెనీలను డ్రైవ్‌కి పిలిచే రోజే చెప్పగల స్థానంలో మీరున్నారు. ఒక కంపెనీ పోతే పోతుందనే భయం నాకు అర్థమవుతుంది. అయినా చెప్పండి.

ఇంటర్వ్యూ మీద ఇంత బరువు పెట్టడం న్యాయమా అని అడిగేవాళ్లూ ఉన్నారు. 2016 జనవరి 1 నుంచి కేంద్ర ప్రభుత్వం గ్రూప్-సీ, గ్రూప్-డీ పోస్టులకు, గెజిటెడ్ కాని గ్రూప్-బీ పోస్టులకు ఇంటర్వ్యూలు తీసేసింది. చిన్న ఉద్యోగాల్లో సిఫార్సులకు అది దారి అవుతోందనే కారణంతో తీసేశారు, మంచి పనే. ప్రైవేటులో అలా తీసేసే రోజు నాకు కనిపించడం లేదు. ఉన్నన్నాళ్లూ, మా ముందు కూర్చునే పిల్లవాడు తన సొంత పనితో రావాలని కోరుకుంటున్నాను.

అందుకే చివరి ఏడాది ప్రాజెక్టు గురించి ఒక మాట కలుపుతాను. చిన్నదైనా ఫరవాలేదు, ఆడకపోయినా ఫరవాలేదు, వాళ్లే చేయాలి. రివ్యూ రోజున మెరిసే మోడల్ తెచ్చిన టీమ్‌ని ఒక వైరు పీకి మళ్లీ కలపమనండి. కొన్నదో, చేసిందో ఆ నిమిషంలోనే తేలిపోతుంది. ఆ పాలమూరు అబ్బాయి తన ఊరి ట్రాన్స్‌ఫార్మర్ కింద ఏ రైతు మోటారు ఏ టైంలో లేస్తోందో నెల రోజులు నోట్‌బుక్‌లో రాసుకుని వచ్చి ఉంటే, మా ప్యానెల్ ఆ నోట్‌బుక్ కోసం ఇంకో 20 నిమిషాలు ఇచ్చేది. మీ మెకానికల్ పిల్లల్లో వరి కోత మెషీన్ రిపేరు చేసే మేనమామ ఉన్నవాడు ఉంటాడు. కంప్యూటర్స్ బ్రాంచిలో అమ్మ కిరాణా కొట్టు ఖాతా పుస్తకం రాసే అమ్మాయి ఉంటుంది. ఆ ఖాతాను ఫోన్‌లోకి ఎక్కిస్తే అది ప్రాజెక్టు. వాళ్లకు ఆ మాట చెప్పేవాళ్లు కావాలి.

నా వంతుగా నేను చేయగలిగింది ఇంతే. నెలకు ఒక శనివారం మీ కాలేజీల్లో ఏదో ఒకదానికి వస్తాను. మా టీమ్‌లో ఇంకో ముగ్గురు వస్తామన్నారు. బస్సు చార్జీలు మావే. ఉపన్యాసం ఇవ్వం. రెండో ఏడాది, మూడో ఏడాది పిల్లల దగ్గర కూర్చుని ఎక్స్‌టర్నల్‌లా ప్రశ్నలు అడుగుతాం, వాళ్లు చెప్పింది వింటాం, మీ లెక్చరర్లు కూడా పక్కన ఉండాలి. ఏ శనివారమో మీరు చెప్పండి. స్టేజీ, బొకే, శాలువా ఏవీ వద్దు. ల్యాబ్ తాళాలు తీసి, కిట్లకు కరెంటు ఇచ్చి ఉంచండి.

ఇట్లు,
మీలాంటి కాలేజీలోనే చదువుకున్న ఒక పాత విద్యార్థి